నలభై ప్రశ్నలూ ఒక ఒట్టూ

మా ఆయన నూకయ్య నన్ను గవరమ్మా అని పిలిచింది ఒక్కసారే. పెళ్లైన కొత్తలో, గుమ్మం దగ్గర ఆపి పేరు చెప్పమన్నప్పుడు. ఆ తరవాతంతా ‘పదో నంబరు హెచ్చరిక’ అనే. మా దీవి రేవులో పెద్ద తుఫానుకు పెట్టే హెచ్చరిక అది. నవ్వుకోండి. ఈ ఇంట్లో భయపడే పనంతా నేనొక్కదాన్నే చేస్తున్నాను కాబట్టే మిగతావాళ్లకు నవ్వే తీరిక దొరికింది.

మా చిట్టితల్లి పదో తరగతి గట్టెక్కింది. నర్సు కావాలని దాని కోరిక. అందుకు పదకొండులో సైన్సు సెక్షన్ దొరకాలి. దొరకాలంటే బళ్లో పెట్టే పరీక్షలో నలభైకి ఇరవై అయిదు రావాలి. ఈ ఏడు ఆ పరీక్ష కంప్యూటర్ మీద పెట్టారు. కిటికీలోంచి చీటీలు విసిరే అన్నలూ బాబాయిలూ మరీ ఎక్కువైపోయారట.

ఆ సంగతి చెప్పడానికి సిల్వియా టీచరు తల్లుల్ని పిలిచింది. “అందరికీ అవే నలభై ప్రశ్నలు” అనేదాకా విన్నాను. అంతలో పొయ్యి గ్యాస్ కట్టేశానో లేదో అని గుండె జారింది. మిన్నీ బేలో మా ఇంటిదాకా ఆటోలో పరుగు. గ్యాస్ కట్టే ఉంది.

“మీటింగులో ఏటి సెప్పినారే?” అన్నాడు ఆయన.

“అందరికీ అవే ప్రశ్నలంట. మన గుంట ముందు శ్రీలక్ష్మి కూకుంటాదంట.”

“అయితే?”

“ఆ పిల్ల బుర్ర బంగారం!”

“మన గుంట బుర్రకేటయింది? రోజూ సదువుతుంది గదా.”

“సదివితే సాలా? కంగారులో మర్సిపోతే? ఏలు జారి ఇంకోటి నొక్కేస్తే?”

“నువ్వుండగా దానికి ఏరే ఆపదెందుకే?”

శ్రీలక్ష్మి నాన్నా, మా ఆయనా ఒకే డింగీ పడవలో చేపల వేటకెళతారు. ఇంజను మోతలో మాట వినబడదు, అంతా చేతి సైగలే. పిడికిలి బిగిస్తే ఇంజను ఆపు. అరచెయ్యి పైకెత్తితే వల లాగు. వేలు చూపిస్తే ముందుకు పోనీ. చెయ్యి బోర్లిస్తే లంగరు వెయ్యి. మా పిల్లలకు మాటలకన్నా ముందు ఇవే వచ్చాయి. సైగలు నాలుగు, ఒక్కో ప్రశ్నకు జవాబులూ నాలుగు; పిడికిలంటే ఒకటోది, అరచెయ్యంటే రెండోది, అలా. దేవుడే చేసిపెట్టాడనుకున్నాను.

శ్రీలక్ష్మి పీతల కూరకు లొంగింది. నా కూతురే లొంగలేదు.

“రెహ్నే దో అమ్మా, వదిలెయ్. నాకొచ్చు.”

“నీకొచ్చిందే రైటని నీకెలగ తెలుసే? శ్రీలక్ష్మి ఏది సూపితే అదే నొక్కు. నా మీదొట్టు. తప్పితే నాను సచ్చినంత ఒట్టు!”

అది నా మొహంలోకి చూసింది.

పరీక్షలో శ్రీలక్ష్మి ఎడం చెయ్యి వెనక్కి పెట్టి నలభైసార్లు సైగ చేసిందట. కాపలా మాస్టారు జాలిపడి, “హాత్ మే దర్ద్ హై క్యా బేటీ?” అని చేతికి నొప్పి మందు కూడా రాశాడట. విని పడీపడీ నవ్వాను. నవ్వడం నాకెప్పుడూ అచ్చిరాలేదు.

మూడో రోజు టీచరు మా తల్లీకూతుళ్లిద్దరికీ కబురంపింది. శ్రీలక్ష్మికి ముప్పై ఎనిమిది. మాదానికి ఏడు.

“ఏడేటి టీచర్! ఆ పెట్టె పాడైపోనాదేమో సూడండి!”

“పెట్టె బాగానే ఉంది దీదీ. ప్రశ్నలు అవే, కానీ ఒక్కొక్కరికి ఒక్కో వరుసలో వస్తాయి. జవాబుల వరుసా వేరే. కాపీ కొట్టకుండా అలా పెట్టాం. ఆ రోజు చెప్పాను కదా.”

ఆ మాట చెప్పేటప్పటికి నేను గ్యాస్ కోసం ఆటోలో ఉన్నాను.

టీచరు తెర మావైపు తిప్పింది. పిల్లలు మొదట ఏది నొక్కారో, తరవాత దేనికి మార్చారో కూడా అది గుర్తుపెట్టుకుంటుందట. “ఇదే నాకు అర్థం కాలేదు. మొదట నొక్కినవాటిలో ముప్పై నాలుగు రైటు. రైటు పెట్టి, మళ్లీ తప్పుకి మార్చింది. ఎందుకమ్మా చిట్టితల్లీ?”

చిట్టితల్లి నేల చూసింది. నేను గోడ చూశాను.

“మరి సైన్సు...” అన్నాను.

“ఆఖరి జవాబుకే మార్కు దీదీ. లిస్టు వెళ్లిపోయింది.” టీచరు ఆర్ట్స్ సెక్షన్ ఫారం దాని చేతికిచ్చింది.

దారంతా ఎండ. ఉండబట్టలేక అడిగాను. “శ్రీలక్ష్మి సూపేది తప్పని నీకు తెలీలేదేటే?”

“తొలి సైగకే తెలిసింది.”

“మరెందుకు మార్సినావే?”

“నువ్వు సచ్చిపోతావని.”

ఇంటికి రాగానే జరిగిందంతా మా ఆయనకు చెప్పుకున్నాను. ఆయన ఒక్క ఎగతాళి మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

చిట్టితల్లి ఫారం నా ముందు పరిచి, పెన్నిచ్చి, ఎక్కడ సంతకం చెయ్యాలో వేలితో చూపించింది. ఇక్కడేనా అని కూడా నేను అడగలేదు. అది చూపించిన చోటే పెట్టాను.