అడాప్టర్ ఎంత లావైతే అంత మేలు

అడాప్టర్ ఎంత లావుగా ఉంటే ఇల్లు అంత చల్లగా ఉంటుంది! నవ్వకండి. అనుభవించి చెబుతున్నాను.

నా ల్యాప్‌టాప్‌నే తీసుకోండి. షాపువాడు దాన్ని రెండు వేళ్లతో పైకెత్తి, "చూశారా సార్, ఎంత సన్నగా ఉందో!" అన్నాడు. ఇటుకంత అడాప్టర్‌ని మాత్రం చప్పుడు చేయకుండా సంచి అడుగున కుక్కేశాడు. ఒంట్లో కొవ్వంతా తీసి ఓ డబ్బాలో పెట్టి, ఆ డబ్బాకి తాడు కట్టి వెంట ఈడ్చుకెళితే సన్నబడ్డట్టేనట! ఈ కిటుకు తెలియక మనం పొద్దున్నే లేచి పరుగులు తీస్తున్నాం.

ఇక మా ఇంటి ఎక్స్‌టెన్షన్ బోర్డు. పేరుకి ఆరు ప్లగ్గులకు చోటుంది. మూడు అడాప్టర్లు పెట్టేసరికి నిండిపోతుంది. బస్సులో మన సీటు సగం కూడా తనదే అనుకునే పెద్దమనిషిలా ఒక్కోటీ పక్కదాని మీదికి ఒరుగుతుంది. నష్టమంటారా? ఎంతమాత్రం కాదు! ఒకప్పుడు మా ఇంట్లో ఎవరి గదిలో వాళ్లుండేవారు. ఇప్పుడు అందరం ఆ బోర్డు చుట్టూ చేరుతున్నాం.

"నాన్నా, నీది తియ్యి, నా కీబోర్డు పెట్టుకోవాలి" అంటుంది అమ్మాయి. "నా కాళ్లు నొక్కే మెషీన్ జోలికొస్తే ఊరుకోను" అంటారు అత్తగారు. "ముందు మీరంతా జరగండి, నాకు మీటింగుంది" అంటుంది మా ఆవిడ. మా పెళ్లిలో కూడా రెండు వైపులవాళ్లు ఇంతగా మాట్లాడుకోలేదు!

చివరికి ఓ కట్టుబాటు పెట్టుకున్నాం. ముందు బయటికి వెళ్లేవాళ్లు తమది పీక్కుని వెళ్లాలి. అన్నీ నల్లటివే అయినా నాకేం భయం? అన్నిట్లోకి లావుపాటిది నాది!

నిన్న అలాగే పీక్కుని ఆఫీసుకి వచ్చాను. ఈ కాలమ్ సాయంత్రంలోగా ఇవ్వకపోతే నా జాగాలోకి వారఫలాలు పొడిగిస్తానని ఎడిటర్ తెగేసి చెప్పాడు. ల్యాప్‌టాప్‌లో ఛార్జింగ్ లేదు. సంచి తెరిచి అడాప్టర్ బయటికి తీశాను. అది అత్తగారి కాళ్ల మెషీన్ అడాప్టర్! అది నాదానికంటే లావని ఎవరైనా చెప్పారా నాకు? ఆఫీసులో పదిమందిని అడుక్కున్నాను. ఎవరి పిన్నూ నాదానికి పట్టలేదు.

ఇంటికి ఫోన్ చేస్తే అత్తగారే ఎత్తారు. "అల్లుడుగారూ, మీ డబ్బా నా మెషీన్‌కి పట్టి చావట్లేదు. ఉండండి, నేనే తెస్తున్నా" అన్నారు. మోకాళ్ల నొప్పులతోనే పాపం బస్సెక్కి వచ్చారు.

తీరా చూస్తే, నా బల్ల దగ్గరున్న రెండు ప్లగ్గుల చోటునీ ఒకే అడాప్టర్ మింగేసి కూర్చుంది. అది వారఫలాలు రాసే ఆయనది. కాసేపు తీయండి మహాప్రభో అంటే, "ఈ వారం మీ రాశికి స్థానచలనం ఉందండీ" అని ముసిముసిగా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

అత్తగారు నడుం పట్టుకుని వంగి, దాన్ని లాగి ఆయన చేతిలో పెట్టారు.

"అన్నయ్యగారూ, ఇవాళ మీ ప్లగ్గు ఊడుతుందని మీ లెక్కల్లో తేలలేదా?"

ఈ కాలమ్ మీ చేతికి అలా వచ్చింది. పైన పొగిడినదాంట్లో ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. కాకపోతే, ఈ డబ్బాలను ఇంత అడ్డదిడ్డంగా తయారుచేసిన మహానుభావుడెవరో మా అత్తగారికి ఓసారి చూపించాలని ఉంది. ఆవిడ బస్సెక్కడానికి సిద్ధంగానే ఉన్నారు.