రెండు తెల్ల పడవలు, అయిదు ఎర్ర వేళ్లు

“నేరస్థులారా, వణకండి! ఈ రేవులో నా కన్ను పడని చెక్కముక్క లేదు!”

ఇలా ప్రకటించినవాడు ఆడున్. నా చిన్ననాటి స్నేహితుడు, నా ప్రారబ్ధం. ఈస్టర్ సెలవులొస్తే మా ఊళ్లో అందరి చేతుల్లోనూ ఓ నారింజపండు, ఓ హత్య కథ ఉంటాయి. పాల డబ్బా మీద కూడా హత్య కథే అచ్చేస్తారు, మా దేశపు ఆచారం అది. మిగతావాళ్లం పుస్తకం మూసి పడవలకి రంగులేసుకోవడానికి పోతాం. వీడు మాత్రం చదివి చదివి డిటెక్టివ్ అయిపోయాడు.

ఆ రోజు మేం పడవ కొనడానికి వచ్చాం. పాతది పాడయ్యాక మా అత్తగారు బోర్గిల్డ్ రెండు వేసవులుగా దీవిలోని తన కుటీరం మొహం చూడలేదు. అక్కడ రేవు లేదు, మోకాలిలోతు నీళ్లలోంచే పడవెక్కాలి. ఆవిడ మోకాలేమో మొరాయిస్తోంది.

“ఈ ఏడూ పోకపోతే ఇంక ఆ ఆశ వదులుకోవడమే అల్లుడూ” అంది. ఆవిడా మాతో రేవుకొచ్చింది.

హల్వర్ అమ్మకానికి పెట్టిన రెండు మోటారు పడవలూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకే తెలుపు, ఒకే పొడవు, ఒకే ఇంజను. వెనకాల మడిచిన నిచ్చెనలతో సహా కవలపిల్లల్లా ఉన్నాయి. నా భార్య టూరున్ గంట నుంచీ దీన్లోంచి దాన్లోకి గెంతుతోంది గానీ ఎటూ తేలట్లేదు.

“ఆగండి! రక్తం!” ఆడున్ భూతద్దం పడవ అంచుకి ఆనించాడు. “అయిదు వేళ్లు! హతుడి ఆఖరి పట్టు! హల్వర్ గారూ, మీ తమ్ముడెక్కడ?”

“ఇంట్లో భోంచేస్తున్నాడు.”

“అని మీరంటున్నారు! మరి ఆ చేతులేమిటి?”

హల్వర్ చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. నాచు పట్టకుండా పడవ అడుగున వేసే రంగు అది. ఈస్టర్‌కి ఆ రంగు అంటని చేతులు మా ఊళ్లో ఆడున్‌వి మాత్రమే. సొంత పడవ లేకపోయినా అత్తగారు కూడా పొద్దున్నే పక్కింటివాళ్లకి సాయం చేసొచ్చింది.

“పిన్నిగారూ! మీ చేతులు కూడా!”

“అవును నాయనా. నలుగుర్ని చంపి వచ్చా. అయిదోవాడి కోసం చూస్తున్నా.”

ఆడున్ రెండడుగులు వెనక్కి వేశాడు. వెనకాల ఒక్క అడుగు రేవే ఉంది.

ఏప్రిల్ నీళ్లు మంచుగడ్డలా ఉంటాయి. వాడి కేకకి సముద్రపు కాకులన్నీ లేచిపోయాయి. వాడు మొదటి పడవ నిచ్చెన కిందికి లాగితే అది నీటి మట్టం దగ్గరే ఆగిపోయింది. దాన్ని పట్టుకుని కాళ్లాడించాడు గానీ కాలికి మెట్టు అందలేదు. రెండో పడవ నిచ్చెన మాత్రం నీళ్లలోకి మూరెడు దిగింది. ఆడున్ ఇంట్లో మేడెక్కినంత సులువుగా పైకొచ్చాడు.

“ఆ రెండోది తీసుకోండి” అంది అత్తగారు. “ఈ బస్తా ఎక్కగా లేంది నేనెక్కలేనా?”

టూరున్ వాళ్లమ్మని వాటేసుకుంది.

“చూ... చూశావా? కేసు తేల్చేశా” అన్నాడు ఆడున్, పళ్లు టకటకలాడిస్తూ.

“హంతకుడెవర్రా?”

వాడు జవాబిచ్చేలోగా అత్తగారు కోటు జేబులోంచి కుటీరం తాళంచెవి తీసింది. రెండేళ్లుగా అది అక్కడే ఉందట. దాని మీద ఎర్రటి వేలిముద్రలు పడ్డాయి.

“ఆధారం! ఇలా ఇవ్వండి!” ఆడున్ చెయ్యి చాచాడు.

ఆవిడ గుప్పిట బిగించి చెయ్యి వెనక్కి తీసుకుంది.