ఇనుపకోట ముందు మా ఆయన

సృష్టిలో ఏ తలుపు ముందైనా వరస కదలడం లేదంటే, మొదట్లో ఎవరో ఒకరి మొగుడు వాదిస్తున్నాడన్నమాట. పాతాళంలో ఈ ఇనుపకోట ముందు వాదిస్తున్నది మా ఆయన.

ఇటలీలో మా ఊరు సియెనాలో ఉన్ని వ్యాపారం చేసినంత కాలం, చచ్చాక ఏమీ ఉండదని బందినోగారు (మా ఆయనే) ఊరంతా చెప్పుకు తిరిగారు. ఈ కోట కట్టిందే అలాంటివారి కోసం. లోపల ఒక్కొక్కరికి ఎర్రగా కాలిన ఇనుప గది. చలికాలం బాధ లేదు.

నాకు రాసిపెట్టింది ఇది కాదు. పాపాలు కడుక్కుంటూ మెల్లగా స్వర్గానికి ఎక్కే కొండ. కానీ ఇద్దరం ఒకే పళ్ళెంలో పుట్టగొడుగులు తిని పోయాం కనుక (విషపువేమో అన్నాను, నీకేం తెలుసన్నారు) మాది ఒకటే కేసు. ఆయన లోపలికి వెళ్తే తప్ప నన్ను కొండకు వదలరు.

ఈ కోట నిబంధనలు మా ఊరి కోట నుంచే ఎత్తి రాశారు. పొద్దుటి ప్రార్థన గంట మోగగానే తలుపు తియ్యాలి. పాతాళంలో ప్రార్థన గంట నిషిద్ధం. అందుచేత పెద్ద తలుపు ఇంతవరకూ తెరుచుకోలేదు (దానికి కాపలా మాత్రం ఒక దండు). పక్కనున్న దిడ్డి తలుపులోంచి, నరకం ఉందని పైకి ఒప్పుకున్నవారిని పంపుతారు.

మా ఆయన ఒప్పుకోరు. లేని నరకానికి తలుపేమిటని కాపలా దయ్యం రస్పినోను నిలదీస్తున్నారు. వెనకనుంచి మా వీధి రొట్టెల లాపా గొణిగింది.

"ఒసే తెస్సా, బతికుండగా మా బుర్రలు తిన్నాడు చాలదా? ఇప్పుడైనా ఊరుకోమనవే."

నేను బతిమాలాను. కొండమీద చల్లగాలి వీస్తుందట, నన్ను పోనివ్వండి అన్నాను. ఆయన రస్పినోను వదిలి నావైపు తిరిగారు.

"నరకం సంగతి ఒప్పుకోను. ఆ పుట్టగొడుగుల విషయంలో మాత్రం తప్పు నాదేనే."

పెళ్ళయ్యాక ఆ మాట వినడం అదే మొదలు. నాకు కళ్ళు చెమర్చాయి.

రస్పినో దిడ్డి తలుపు మూసేశాడు. తప్పు ఒప్పుకున్నవాడికి కోటలో చోటు లేదట. ఏ తప్పన్నది నిబంధనలో లేదట.

"ఇద్దరూ కొండకే పోండమ్మా. ఒకటే కేసు కదా, చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఎక్కాలి. ఎన్ని యుగాలైనా సరే."

మా ఆయన అప్పుడే, అసలు కొండంటూ ఒకటి ఉంటే కదా అని మొదలుపెట్టారు.

నేను కళ్ళు తుడుచుకుని రస్పినో దగ్గరికి వెళ్ళాను.

"అయ్యా, ఆయన తప్పేం లేదు. పుట్టగొడుగులు మంచివే. వంట చెడగొట్టింది నేను. తప్పు నాదే."