వెదర్‌బీ గారి సంతాప సభ

ఆ గురువారం పొద్దున రాంప్రసాద్ మాస్టారు వేసుకున్న పథకం చిన్నదే. పదకొండింటికి ఇంజనీరు భానుచందర్ వచ్చి, బడిలోని పాత రాతి హాలును కూల్చే కాగితం మీద సంతకం పెడతాడు. ఆలోగా హాలు గొప్పతనం ఆయన కంట పడాలి. దాని నక్షా గీసింది విక్టోరియా రాణి కాలపు ఆర్కిటెక్టు వెదర్‌బీ. నక్షా మీద ఇంటిపేరు తప్ప ఇంకేం లేదు. మాస్టారు ఓ పాత పుస్తకంలోని ఆయన ఫోటోను పెద్దది చేయించి, కింద ఆ ఇంటిపేరు, దాని కింద పుట్టిన, పోయిన సంవత్సరాలు రాసి, గుమ్మం పక్కన బల్ల మీద నిలబెట్టాడు. మాస్టారి భార్య రమ ఇరవై ఏళ్లు ఆ హాల్లోనే పిల్లలకు పాటలు నేర్పింది. ఆమె పోయి ఏడాదయింది. హాలును కూల్చవద్దనే అర్జీలో అలాంటి కారణానికి గడి ఉండదు.

ఆయన నక్షా తేవడానికి వెళ్లగానే ఆయా మొగిలమ్మ వచ్చింది. దండ లేని ఫోటో ఆమె కంటికి బోసిగా తోచింది. సరస్వతి పటానికి తెచ్చిన బంతిపూల దండ వేసి, బొట్టు పెట్టి, ఊదుబత్తి ముట్టించింది. దండ లావుగా వేలాడి సంవత్సరాలను కప్పేసింది.

హెడ్మాస్టరు యాకయ్య అది చూసి చెప్పులు విడిచాడు. "అయ్యో, ఎవలే మొగిలమ్మా?"

"మన హాలును బాగ అర్సుకున్నాయనంట సారూ. రాంప్రసాద్ సారు పొద్దటిసంది మొకం ఏలాడేసుకొని తిరుగుతాండు."

"పేరు జూస్తె కాజీపేట రైల్వే కాలనీల ఉండే ఆంగ్లో ఇండియన్ ఆయన లెక్కున్నడు. పాపం!"

అయిదు నిమిషాల్లో వాట్సాప్ గ్రూపు నిండా జోడించిన చేతులే. పిల్లలు వరుసల్లో నిలబడ్డారు. మైకు వచ్చింది. నక్షాతో తిరిగొచ్చిన మాస్టారి భుజం పట్టుకున్నాడు యాకయ్య.

"సార్, ఆయన పోయి చాన్నాళ్లు..."

"నాకు ఎర్కే. దుఃఖంల దినాలు గట్లనే అనిపిస్తయి. జర కూసో."

అప్పుడే జీపు దిగిన భానుచందర్, మైకు కనబడగానే కాగితం జేబులో పెట్టుకుని, ఫోటో కింది పేరు చదివి, మైకు అందుకున్నాడు.

"వెదర్‌బీ గారు నాకు గురువు లెక్క. మొన్న దసరాకు కాజీపేటల కలిసి చాయ్ తాగినం. ఫోటోల ఉన్న గా గడ్డం గూడ గీ మధ్యనే పెంచిండు. 'భానూ, హాలు పైలం' అన్నడు. గదే ఆఖరి మాట!"

చప్పట్లు కొట్టబోయిన పిల్లలను యాకయ్య కళ్లతోనే ఆపాడు.

తర్వాత రెండు నిమిషాల మౌనం. నిరుడు రమ కోసం కూడా వీళ్లే, ఇక్కడే నిలబడ్డారు. అప్పుడూ మధ్యలో ఎవరి ఫోనో మోగింది. మాస్టారు తల వంచుకున్నాడు. వస్తున్నది నవ్వో, మరొకటో ఆయనకే తెలియలేదు.

సభ అయ్యాక భానుచందర్ వంకరైన దండను సవరించబోయాడు. చెయ్యి ఆగిపోయింది. 1829–1891.

"సార్, గీయన..."

"పోయి నూట ముప్ఫై ఏళ్లు దాటింది."

"ముందుగాల చెప్పద్దా!"

"చెప్పనిచ్చిండ్రా?"

భానుచందర్ ఫోను టింగుమంది. ప్రసంగం వీడియో పైఅధికారి దాకా చేరింది. 'మీ గురువుగారికి నా నివాళి. ఆ హాలు జాగ్రత్త' అని ఆయన సందేశం. భానుచందర్ దండను మళ్లీ సంవత్సరాల మీదికి జరిపాడు. జేబులోని కాగితం తీసి, 'కూల్చివేత' కొట్టేసి 'మరమ్మతు' అని రాశాడు.

వానలకు ముందే పైకప్పు బాగైంది. ఏటా వెదర్‌బీ గారి వర్ధంతి జరపాలని బడి తీర్మానించింది. ఆ రోజు సెలవు కాబట్టి హాలుకు తాళం వేస్తారు.