తెర అంచున బొట్టు

ఆయుధపూజ నాటి ఉదయం సత్తయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆగమ్మకు ఒక ఫోటో చూపించాలి, సంగారెడ్డి బస్టాండు దాకా వెళ్లి ఆమె పనికి పోయే లక్డారం బస్సు ఎక్కించాలి. అంతే.

కాజీపల్లిలో ఏనాడో మూతపడ్డ మందుల కంపెనీలో, కంట్రోల్ రూం ఇంజనీరుగా ఆయన జీవితమంతా గడిచింది. ఆగమ్మ భర్త ఐలన్న అక్కడే ఆపరేటరు. మొన్నటి వానాకాలంలో పోయాడు. ఆమె ఇంటి గోడకు పెట్టిన ఫోటో ఆధార్ కార్డులోది. అందులో ఐలన్న ఎవరి మీదో ఫిర్యాదు చేయడానికి వచ్చినవాడిలా ఉంటాడు.

"ఆయన నవ్వుడు యాదికి తెచ్చుకుందమంటె, ఆ గోడ మీది మొకమే ముంగటికొస్తుందన్నా," అని మొన్న చెప్పుకుంది ఆగమ్మ.

నవ్వే ఐలన్న సత్తయ్య పాత కంప్యూటర్లో మాత్రమే మిగిలాడు. మీట నొక్కగానే కనిపించేలా ఆ ఫోటోను నిన్న సాయంత్రమే తెర నిండా అమర్చిపెట్టాడు సత్తయ్య. ఆ తర్వాత ఆయన భార్య కౌసల్యమ్మ గదినీ కంప్యూటర్‌నూ తుడిచింది. తుడవడం వరకే ఆమెకు అనుమతి. స్కూటరుకూ మిక్సీకీ కుట్టుమిషనుకూ బొట్లు పెట్టిన ఆ చేయి కంప్యూటర్ దగ్గర ఆగిపోవాలి. కరెంటుకు కుంకుమతో పనిలేదని సత్తయ్య సిద్ధాంతం.

ఆగమ్మ వచ్చి కూర్చోగానే మీట నొక్కాడు. సిగ్నల్ లేదని ఇంగ్లీషు అక్షరాలు ఒక్కసారి మెరిసి, తెర నల్లబడింది.

"తప్పు తెరది కాదు. కింది పెట్టె నుంచి దానికి ఏదీ వస్తలేదు," అని తేల్చాడు సత్తయ్య.

పండుగ పలకరింపుకు వచ్చిన పాత మిత్రులిద్దరూ కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. కంపెనీలో బాయిలర్ చూసిన నర్సింహులు అరచేయి చాచాడు. "రెండు చరిస్తె అదే లేస్తది. మన కంట్రోల్ రూంల గట్లనే లేస్తుండె గద!"

"అది డబ్బా తెర. ఇది పలక. చరిస్తే పగుల్తది," అన్నాడు సత్తయ్య.

ఆ డబ్బా తెర! దాని పచ్చటి అక్షరాలు, దగ్గరికి పోతే నిక్కబొడుచుకునే చేతి వెంట్రుకలు, పైన వెచ్చగా ఉండాలని ఐలన్న పెట్టుకునే టిఫిన్ డబ్బా. చలికాలం ఆ గదిలో అలారాల కంటే ముందు పచ్చిపులుసు వాసన వచ్చేది.

రెండో మిత్రుడు, కంపెనీ ఎలక్ట్రీషియన్ బాలరాజ్ లేచి మెయిన్ స్విచ్ దించాడు. 'మనుషులు పనిలో ఉన్నారు, ముట్టవద్దు' అని ఒక అట్టముక్క మీద రాసి దానికి తగిలించాడు. పెట్టె విప్పి, వేలెడంత మెమరీ పలకను బయటికి తీశాడు. "దీని పండ్లకు తుప్పు వట్టింది. పెన్సిల్ రబ్బరుతోని రుద్దాలె. ఇప్పుడే దెస్త," అని వెళ్లిపోయాడు. పండుగపూట దుకాణాలన్నీ మూసి ఉన్నాయన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

వంటింట్లో మిక్సీ ఆగింది. "గారెల పిండి సగంల ఉన్నది. కరెంటెయ్యుండ్రి!" అని కౌసల్యమ్మ కేకేసింది.

"ఎయ్యరాదు. అట్ట తగిలించినోడే తియ్యాలె," అన్నాడు నర్సింహులు.

"నా ఇంట్ల కరెంటు నేనెయ్యొద్దా?"

"కౌసల్యా, గీ కట్టుబాటుతోనే మా కంపెనీల ఒక్క ప్రాణం గూడ పోలే," అన్నాడు సత్తయ్య. ఫ్యాన్ లేని గదిలో చెమటలు కక్కుతూ నలుగురూ ఆ అట్టముక్కకు కాపలా కాశారు. బకెట్ నింపుదామంటే మోటారు తిరగదు. ఆగమ్మ కొంగుతో విసురుకుంటూ బయటికి చూస్తోంది. మధ్యాహ్నం షిఫ్టుకు అందుకోకపోతే సూపర్‌వైజర్ ఊరుకోడు.

చివరికి ఏ ఇంటి పిల్లల సంచిలోంచో రబ్బరు సంపాదించుకుని బాలరాజ్ వచ్చాడు. రుద్దాడు, బిగించాడు, తన అట్ట తానే తీశాడు. పెట్టె చక్కగా మూలిగింది. తెర మాత్రం నల్లగానే ఉంది.

"ఇగ పోత అన్నా," అని ఆగమ్మ లేచింది.

కౌసల్యమ్మకు ఓపిక నశించింది. కుంకుమ గిన్నెతో వచ్చింది. "ఒక్క బొట్టు వెడితె మీ సైన్సు అరిగిపోతదా?" అంటూ ఎడమచేత్తో తెర కింది అంచును గట్టిగా పట్టుకుని, పై అంచున బొట్టు పెట్టింది.

తెర తళుక్కున వెలిగింది. ఐలన్న! బాలరాజ్ చేతులు జోడించాడు. నర్సింహులు లేచి చెంపలు వేసుకున్నాడు. ఆగమ్మ కళ్లద్దాల కోసం సంచిలో తడుముకుంటోంది.

"ఆగుండ్రి!" అన్నాడు సత్తయ్య. "బొట్టు గాదు, బొటనవేలు! తెరకు ఎనక రెండు తీగెల దారులున్నయి. ఏ దారిల సూడాలెనో చెప్పే బటన్ కింది అంచుకున్నది. నిన్న తుడుస్తుంటే అది ఒత్తుకుని ఖాళీ దారిల పడ్డది, ఇప్పుడు మల్ల ఒత్తుకున్నది. సూడుండ్రి, రుజువు జేస్త."

అంచు కింద తడిమి ఒక బటన్ నొక్కాడు. తెర నల్లబడింది. రుజువు సగం అయింది. మళ్లీ నొక్కాడు. పక్కది నొక్కాడు. పేర్లూ గుర్తులూ లేని ఆ బటన్లన్నీ వరసగా నొక్కాడు. చీకటి కదలలేదు.

అద్దాలు పెట్టుకుని ఆగమ్మ తలెత్తింది. "ఏడి అన్నా?"

ఎవరూ సత్తయ్య వైపు చూడలేదు. అదే ఆయనకు మరీ కష్టమైంది. భార్య వైపు తిరిగాడు.

"కౌసల్యా... జెర ఇంకొక్క బొట్టు వెట్టు. ఇందాక ఎట్ల పట్టుకున్నవో అట్లనే పట్టుకుని."

కౌసల్యమ్మ తొందరపడకుండా పట్టుకుంది, పెట్టింది. ఐలన్న తిరిగొచ్చాడు. డబ్బా తెర మీది టిఫిన్‌కు చేయి అడ్డం పెట్టి, నోటినిండా నవ్వుతున్నాడు. ఆగమ్మ చూస్తూ చూస్తూ తానూ అలాగే నవ్వింది. "గదే... గట్లనే నవ్వుతుండె," అంది. ఆ బస్సు వెళ్లిపోయింది. దాని మాట ఎవరూ ఎత్తలేదు.

ఏ ఫలితమైనా రెండోసారి కూడా వస్తేనే నమ్మాలని సత్తయ్య ముప్పయ్యేళ్లు అందరికీ చెప్పాడు. బొట్టు రెండుసార్లూ పనిచేసింది.