ఆక్సిజన్ ఎక్కడ విరుగుతుంది?

ఇంగ్లీషు మాటను ఎక్కడ విరవాలో తెలియని జాతికి రోగమొచ్చే అర్హత లేదని మా ఊరి పెద్దాసుపత్రి యాజమాన్యం తీర్మానించింది. తీర్మానించి ఊరుకోలేదు. ఉచ్చారణకు ఒక అధికారిని, స్పెల్లింగుకు ఇంకో అధికారిని నియమించింది. (ఇద్దరూ బావాబావమరదులు. ప్రతిభంతా ఒకే ఇంట్లో పుడితే యాజమాన్యం మాత్రం ఏం చేస్తుంది?) సిబ్బంది ఏం కావాలన్నా ఆ మాటను సిలబుల్స్‌గా విడగొట్టి పలకాలి. ఇద్దరు అధికారులూ తలూపాకే ఆ వస్తువు స్టోరు గడప దాటుతుంది.

ఒక మధ్యాహ్నం ఒక తాపీమేస్త్రీ గుండె పట్టుకుని, భార్య భుజం మీద వాలిపోయి వచ్చాడు. చేతులకు సిమెంటు ఇంకా ఆరలేదు. నర్సు పరుగెత్తుకొచ్చి "ఎమర్జెన్సీ" అని కేకేసింది. ఒక్క గుక్కలో కేకేసినందుకు ఉచ్చారణాధికారి ఆమెను ఆపి, నాలుగు ముక్కలుగా, రెండో ముక్క నొక్కి మరీ చెప్పించాడు. చెప్పింది. స్ట్రెచర్ వచ్చింది.

అసలు చిక్కు ఆక్సిజన్ దగ్గర వచ్చిపడింది. నర్సు "ఆక్, సి, జన్" అంది. ఉచ్చారణాధికారి తలూపాడు. స్పెల్లింగ్ అధికారి ఊపలేదు. ఎక్స్ అక్షరాన్ని నడిమికి చీల్చే హక్కు ఎవడికీ లేదనీ, అది మొత్తంగా మొదటి ముక్కలోనే ఉండాలనీ అభ్యంతరం చెప్పాడు. చెవికి వినబడేదే మాటని బావ, కంటికి కనబడేదే మాటని బావమరిది. మధ్యలో పెళ్ళినాటి అలకలు కూడా చర్చకు వచ్చాయి. సిలిండరు మాత్రం తాళం వెనకాల బుద్ధిగా నిలబడి ఉంది.

మేస్త్రీ భార్య వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.

"అయ్యా, ఆయనకి ఊపిరాడట్లేదు."

"ఊపిరి తెలుగు మాటమ్మా," అన్నాడు ఉచ్చారణాధికారి, నిజంగానే జాలిపడుతూ. "అది మా సెక్షన్ కాదు."

ఆమె మందుల అట్టపెట్టె మూత చించి, దాంతో భర్త ముఖానికి గాలి విసురుతూ కూర్చుంది. తాళంచెవి లాక్కోబోయిన నర్సును అక్కడికక్కడే సస్పెండ్ చేశారు. (సస్పెండ్ అన్న మాటను కూడా సరిగ్గా విడగొట్టే చేశారు.) చివరికి డిక్షనరీ తెప్పించారు. పలకడానికి బావ చెప్పినట్టు, రాయడానికి బావమరిది చెప్పినట్టు విడగొట్టాలని అందులో ఉంది. ఇద్దరూ నెగ్గారు. ఒకరి చేయి ఒకరు ఊపి, తాళం తీయించారు.

అప్పటికి అట్టముక్క విసరడం ఆగిపోయింది.

డ్యూటీ డాక్టరు వచ్చి, నాడి చూసి, "డెత్" అన్నాడు.

ఒకటే సిలబుల్. విరవడానికేమీ లేదు. అధికారులిద్దరూ వెంటనే తలూపారు. ఆ ఆసుపత్రిలో అంత చకచకా పని జరగడం అదే మొదలు.