ఇల్లు అమ్మనన్న మాస్టారికి పూలదండ

అమ్ముతానన్న ఇంటిని ఆఖరి నిమిషంలో అమ్మనని చెప్పేవాడికి మించిన పుణ్యాత్ముడు ఈ కలియుగంలో లేడు. మీలో కొందరు నవ్వుతున్నారు. కొందరు పళ్ళు కొరుకుతున్నారు. కొరికేవాళ్ళంతా అగ్రిమెంటు కాగితాలు చేతపట్టుకుని వెళ్ళి, ఎవరి గుమ్మంలోంచో ఉత్తచేతులతో తిరిగొచ్చినవాళ్ళేనని నాకు తెలుసు. నా మనవి వారికే. కాస్త శాంతించి వినండి.

అసలు ఇల్లు కొంటే ఏమవుతుంది? గృహప్రవేశం చెయ్యాలి. పాలు పొంగించాలి. అవి తూర్పుకు పొంగాయా పడమరకు పొంగాయా అని మేనత్తలు తగువు పడాలి. భోజనాల్లో గోంగూర తమ బంతికి రాలేదని వియ్యాలవారు అలగాలి. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ప్లంబర్ కోసం ఎదురుచూడాలి! అదే ఇల్లు చేజారిందనుకోండి, పిలవకుండానే ఊరంతా వచ్చి ఓదారుస్తుంది. ఇల్లు కొన్నవాణ్ణి చూసి కుళ్ళుకునేవాళ్ళే గానీ, కొనలేకపోయినవాణ్ణి చూసి కుళ్ళుకునేవాడు ఎక్కడైనా ఉన్నాడా?

నమ్మకం కలగకపోతే మా జగ్గయ్యపేట లక్ష్మీకాంత్ గారి సంగతి వినండి.

లక్ష్మీకాంత్ గారిది పప్పుల హోల్‌సేల్ కొట్టు. తండ్రి సుబ్బరాయుడు గారి చేతుల మీదుగా వచ్చింది. భార్య దేవిశ్రీ గారికి నందిగామలో బ్యాంకు ఉద్యోగం. పొద్దున్నే బస్సెక్కి పోవడం, సాయంత్రం సిమెంటు లారీల వెనక పాక్కుంటూ రావడం. ఆవిడ ఇల్లు చేరేసరికి కూతురు నిఖిత హోంవర్కు పుస్తకం మీదే తల వాల్చి నిద్రపోతూ ఉంటుంది. పిల్ల మెలకువగా ఉండగా దగ్గర కూర్చుని అన్నం పెట్టాలని దేవిశ్రీ గారి కోరిక. అందుకు నందిగామలో ఇల్లు కావాలి. కొట్టుకు లక్ష్మీకాంత్ గారు బండి మీద వచ్చిపోతారు. ఇంతే కోరిక, పెద్దదేం కాదు.

ఇల్లు దొరికింది కూడా. హైస్కూల్ హెడ్మాస్టర్ ప్రేమానందం గారి డాబా. బ్యాంకు నుంచి నడిచి వెళ్ళిపోవచ్చు. ఆయనా, భార్య కృపావతి గారూ దాన్ని అమ్మేసి అదే ఊళ్ళో కొత్త అపార్ట్‌మెంట్‌లోకి మారాలనుకుంటున్నారు. గేటు తీయగానే నందివర్ధనం చెట్టు, పక్కనే పిల్లలు కూర్చుని చదువుకునేంత అరుగు. దేవిశ్రీ గారికి అక్కడే మనసు పడింది.

అది లక్ష్మీకాంత్ గారు కనిపెట్టేశారు. గుమ్మం ఎక్కకముందే భార్య దగ్గరికి జరిగి, "నచ్చినట్టు మొహంలో కనపడనీయకు. రేటు పెరుగుద్ది" అన్నారు.

ఆయన్ని తప్పుపట్టకండి. టోకు వర్తకంలో అదొక మర్యాద. మిల్లు నుంచి కందిపప్పు శాంపిల్ వస్తుంది. మేలిమి సరుకే అయినా సరే, గుప్పెట్లోకి తీసుకుని, నలిపి, వాసన చూసి, మొహం చిట్లించి "నూక ఎక్కువుందే" అనాలి. అప్పుడు అమ్మేవాడు ఓ మెట్టు దిగుతాడు. మూడు తరాలుగా 'బాగుంది' అన్న మాట ఆ కుటుంబంలో ఎవరి నోటా వినపడలేదు. కొట్లోనే కాదు, ఇంట్లోనూ అంతే. దేవిశ్రీ గారి పప్పులో ఉప్పు తక్కువైందంటూనే ఆయన మూడోసారి వడ్డించుకుంటారు.

కాబట్టి మాస్టారి ఇంటిని కూడా శాంపిల్ చూసినట్టే చూశారు. వంటగది చీకటి గుయ్యారం అన్నారు. వెనక గోడకు చెమ్మ అన్నారు. వాస్తు ప్రకారం గేటు ఉండాల్సిన చోట లేదన్నారు. మెట్లకు పట్టుకునేందుకు కమ్మీ అయినా లేదన్నారు. కృపావతి గారు పెట్టిన టీ తాగుతూ, ఆ టీ కాచిన వంటగదినే అంతలా తీసిపారేస్తుంటే ఆవిడ మొహం చిన్నబోయింది. దేవిశ్రీ గారు తలెత్తలేదు. వచ్చేటప్పుడు నందివర్ధనం వంక కూడా చూడకుండా వచ్చేశారు, భర్త చెప్పిన మాట మీద నిలబడి.

రేటు తగ్గింది, బేరం కుదిరింది. అప్పటికే ఆషాఢం వచ్చిపడింది. శూన్యమాసంలో కాగితం రాసుకుంటే ఇల్లు కలిసిరాదని సుబ్బరాయుడు గారు భీష్మించుకుని కూర్చున్నారు. పోనీ బయానా అయినా ఇచ్చి వద్దామని దేవిశ్రీ గారంటే, ముందే ఇస్తే మనకేదో తొందరగా ఉందనుకుంటారని లక్ష్మీకాంత్ గారు కొట్టిపారేశారు. మాట అనుకున్నారు. శ్రావణంలో అగ్రిమెంటు.

ఇక్కడే ఉంది తిరకాసు. షావుకారు తప్పు చూపించాడంటే అర్థం ఏమిటి? బేరం! మరి మాస్టారికి తప్పు చూపిస్తే? ఆయన దిద్దుతారు! బతుకంతా ఎర్రసిరా పెన్నుతో గడిపిన మనిషి. ఓ పెద్దమనిషి ఇంటికొచ్చి ఇన్ని తప్పులు ఎత్తి చూపాక, వాటిని అలాగే వదిలేసి ఇల్లు అప్పజెప్పడానికి ఆయనకు మనసొప్పలేదు.

మర్నాడే మేస్త్రీ రత్తయ్యను పిలిపించారు. వంటగది తూర్పు గోడ కొట్టించి పెద్ద కిటికీ పెట్టించారు. అది పూర్తవగానే లక్ష్మీకాంత్ గారికి ఫోన్ చేసి, కిటికీ అయిపోయిందనీ, ఇంకేమైనా లోపాలుంటే మొహమాటపడకుండా సెలవియ్యమనీ అడిగారు.

లక్ష్మీకాంత్ గారి ఆనందానికి హద్దు లేదు. మన ఇంటికి ఆయన చేత రిపేర్లు! ఎవరు వదులుకుంటారు చెప్పండి? ఆషాఢం పొడుగునా ఆయన కొత్త కొత్త లోపాలు కనిపెట్టారు. కుళాయి ధార సన్నమన్నారు. పెరట్లో బట్టలుతికే బండ ఊగుతోందన్నారు. తాను తొంగి కూడా చూడని గదిలో అటక ఎత్తు చాలదన్నారు! మాస్టారు అన్నిటికీ సరేనన్నారు, అన్నీ చేయించారు. వాస్తు మీద ఆయనకు నమ్మకం లేదు గానీ, గేటు జరిపించాక స్కూటర్ ఒక్క తిప్పులో లోపలికి వచ్చేసేసరికి ఆయనకే ముచ్చటేసింది.

శ్రావణం వచ్చింది. మంచి శుక్రవారం చూసుకుని, పళ్ళూ స్వీటు బాక్సూ అగ్రిమెంటు కాగితాలూ పట్టుకుని భార్యాభర్తలిద్దరూ నందిగామ వెళ్ళారు. ఇల్లు కళకళలాడుతోంది. కృపావతి గారు కొత్త కిటికీ దగ్గర లైటు వేసుకోకుండా బెండకాయలు తరుగుతున్నారు. మాస్టారు ఎదురొచ్చి రెండు చేతులూ జోడించారు.

"షావుకారు గారూ, ఏమనుకోకండి. ఈ ఇంట్లో ఏం తక్కువైందో ఇన్నేళ్ళూ మాకు తెలియలేదండి. మీరు చెప్పారు, దిద్దుకున్నాం. ఇప్పుడు అమ్మబుద్ధి కావట్లా."

"మాట అనుకున్నాం కదండి మాస్టారూ" అన్నారు లక్ష్మీకాంత్ గారు, అగ్రిమెంటు కాగితాలు ముందుకు చాపి.

"అనుకున్నామండి. మాట తప్పింది నేనే. కానీ ఈ ఇంట్లో మీకు ఒక్కటంటే ఒక్కటీ నచ్చలా. నచ్చని ఇల్లు మీకు అంటగట్టడం కూడా పాపమే కదండి."

స్వీటు బాక్సు ఎలా వెళ్ళిందో అలాగే తిరిగొచ్చింది.

అదిగో, ఆనాటి నుంచి మొదలైంది లక్ష్మీకాంత్ గారి మహర్దశ! కొట్టు ముందు ఓదార్చేవాళ్ళ వరస. మంచిదే అయిందండి, ఆ వీధిలో నీళ్ళు ఉప్పన అని ఒకరు. మంచిదే అయిందండి, అటు రింగ్ రోడ్డు వచ్చి సగం ఇల్లు పోతుందట అని ఒకరు. ఆ రింగ్ రోడ్డు అసలు అటు రాదట, అందుకని మంచిదే అయిందండి అని మరొకరు. వీళ్ళలో ఆ ఇల్లు చూసినవారు ఒక్కరూ లేరు. సుబ్బరాయుడు గారైతే పంచాంగాన్ని కళ్ళకద్దుకున్నారు. ఆషాఢమే గనక అడ్డు పడకపోతే ఆ దిక్కుమాలిన కొంప మన నెత్తిన పడేదన్నారు! అందని ద్రాక్ష పుల్లన అంటారు. లక్ష్మీకాంత్ గారు అందకముందు నుంచే పుల్లనంటున్నారు కాబట్టి ఆయనకు కొత్తగా అనాల్సిన పని కూడా తప్పింది. ఇన్ని సుఖాలు ఇల్లు కొంటే వస్తాయా?

ఇంత ఓదార్పులోనూ ఓదార్పు అందని మనిషి ఒక్కరే మిగిలారు. దేవిశ్రీ గారు. ఆవిడ అదే బస్సు ఎక్కుతున్నారు, అవే లారీల వెనక వస్తున్నారు.

మొన్నామధ్య కృపావతి గారు పనుండి బ్యాంకుకొచ్చి, భోజనం వేళకు ఆవిడను బలవంతాన ఇంటికి తీసుకెళ్ళారు. వంటగదిలో వెలుగు పరుచుకుని ఉంది. టీ అందిస్తూ కృపావతి గారు, మా ఇల్లు మీకు బొత్తిగా నచ్చలేదు కదమ్మా, ఆ రోజు నాకు చాలా బాధేసింది అన్నారు. దేవిశ్రీ గారు ఇక ఆపుకోలేకపోయారు.

"గేటు తీసినప్పుడే నచ్చిందండి" అనేసి కళ్ళు తుడుచుకున్నారు.

కృపావతి గారు గ్లాసు కింద పెట్టేశారు. "ఆ ముక్క ఆ రోజే అనుంటే ఇచ్చేసేవాళ్ళమమ్మా. గోడలు కొట్టించేవాళ్ళమే కాదు."

ఆ సాయంత్రం దేవిశ్రీ గారు ఇల్లు చేరేసరికి మామూలుగానే నిఖిత నిద్రపోయింది. భర్తకు అన్నం వడ్డిస్తూ కృపావతి గారన్న మాట ఉన్నదున్నట్టు చెప్పారు. ఆయన ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆపారు. నోటికి అలవాటైన మాటే అనేశారు. పప్పులో ఉప్పు కాస్త తగ్గిందన్నారు. అని, మళ్ళీ వడ్డించమని కంచం ముందుకు జరిపారు.

దేవిశ్రీ గారు పప్పు గిన్నె తన వైపుకు లాక్కున్నారు.

"నచ్చని పప్పు మీకెందుకండి. దిద్దుకుని నేనే తింటాలెండి."

చూశారా, ఇస్తామన్నది వెనక్కి తీసుకోవడంలో ఎంత మహత్తుందో! మూడు తరాలుగా పలకని మాట ఆ పూట పలికిందని దేవిశ్రీ గారు మా ఆవిడతో చెప్పారు. లక్ష్మీకాంత్ గారు చాలాసేపు గొంతు సవరించుకుని, పప్పు బాగుందన్నారట. కాసేపాగి, ఆ ఇల్లు కూడా బాగుందన్నారట.

గిన్నె మళ్ళీ ఆయన ముందుకొచ్చింది. ఇల్లు రాలేదు. మర్నాడు పొద్దున్నే, నిఖిత లేవకముందే, దేవిశ్రీ గారు నందిగామ బస్సెక్కారు.